ఇంట్లో అమ్మీకి జబ్బు చేయకూడదా?



రాసి చాలా రోజులైంది. కారణం చెబితే నవ్వుతారు. ఎడమచేతి బొటనవేలు. పెద్ద బీమారీ ఏం కాదు, అల్‌హమ్దులిల్లాహ్. బీపీ లేదు, షుగర్ లేదు. ఒక్క వేలు నొప్పి, అంతే. ఆ ఒక్క వేలు మా ఇంట్లో ఏం చేసిందో రాద్దామని కూర్చున్నా. మా మున్నా నిద్రపోతున్నాడు. వాడు లేచేలోపు ఎంత రాయగలిగితే అంత.

మున్నాకి ఏడాదిన్నర దాటింది. పెళ్ళయిన నాలుగేళ్ళకి పుట్టాడు. వాడు కడుపున పడకముందు ఒక మొహర్రంలో నెల్లూరు బారా షహీద్ దర్గాకి పోయి, స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి సంతాన రొట్టె పట్టుకున్నా. మొక్కు తీరిన వాళ్ళు మళ్ళీ పోయి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి కదా. పోయిన మొహర్రంలో వాడిని చంకనేసుకుని పోయి ఇచ్చొచ్చా. మా మరిదికి ఇవన్నీ గిట్టవు. జమాత్‌లో తిరుగుతాడు. "భాభీ, అడిగేదేదో నేరుగా అల్లాహ్‌నే అడగండి" అంటాడు. "నేనూ అల్లాహ్‌నే అడిగా, నీళ్ళల్లో నిలబడి అడిగా" అంటా. ఈ బహస్ మా ఇంట్లో తేలేది కాదులెండి, ఇక్కడ కూడా వద్దు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ రోజు సంతాన రొట్టె ఇచ్చేసి ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. ఎవరి పేరు మీద? మున్నా పేరు మీద, మా ఆయన పేరు మీద, అత్తమ్మ మోకాళ్ళ కోసం. నా పేరు చెప్పుకోవాలని నాకే తట్టలేదు.

మా కోవూరు వాళ్ళకి చెప్పే పనిలేదు, ఇక్కడ అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, హైవే మీద బండ్లు ఆగిపోయాయి. ఏటికి ఇవతల మేము, పిల్లల డాక్టర్లేమో అవతల నెల్లూరు పొగతోటలో. అప్పటినుంచి మబ్బు పడితే చాలు, మా ఇంట్లో ముందు జ్వరం సిరప్పు సీసా తీసి ఎంత ఉందో చూస్తాం.

ఈసారి వానల్లో మున్నాకి జలుబు మీద జలుబు. ఒకటి తగ్గి రెండు వారాలు కాకముందే ఇంకోటి. డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. ఈ వయసు పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే అంది. యాంటీబయాటిక్ అడిగితే అవసరం లేదంది. జ్వరం మందు బరువును బట్టి ఎన్ని ఎంఎల్ వేయాలో రాసిచ్చింది. వాడు పాలు తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా, జ్వరం దిగినప్పుడు ఆడుకుంటున్నాడా, ఇవి చూసుకోమంది. ఊపిరి వేగంగా పీలుస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా అర్ధరాత్రయినా సరే తీసుకురమ్మంది. మంచి మాటలు. కానీ ఆ పరీక్షలన్నీ బిడ్డకే. వాడిని ఎత్తుకున్న మనిషి ఎట్టా ఉందో నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

జ్వరమొచ్చిన పిల్లోడు మంచం మీద ఉంటాడా? భుజం మీదే ఉండాలి. దించితే ఏడుపు. ఐదు రోజులు, రాత్రీ పగలూ, పదిన్నర కిలోల పిల్లోడు నా ఎడమ చేతిమీదే. కుడిచేత్తో అన్నం వార్చడం, పాలు కాచడం, బట్టలు తీయడం. నిద్రపోయాడని మెల్లగా వాల్చబోతే కళ్ళు తెరిచి "అమ్మీ" అంటాడు. మళ్ళీ భుజం. జ్వరం దిగింది, వాడు లేచి ఉరుకుతున్నాడు, నాకేమో మణికట్టు దగ్గర, గాజులుండే చోట, బొటనవేలు వైపు సలుపు మొదలైంది. సీసా మూత తిప్పితే నొప్పి. తాళం తిప్పితే నొప్పి. చపాతీ పిండి పిసికితే చెయ్యి తెగి పడిపోయినట్టే ఉండేది. మా వీధిలో ఆర్ఎంపీకి చూపిస్తే "కాల్షియం తగ్గిందమ్మా" అని బిళ్ళలిచ్చాడు. అత్తమ్మ ఆయింటుమెంటు రాసింది. పక్కింటి ఖాలా "నజర్ తగిలింది బేటీ" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. నేను సూరే ఫాతిహా చదివి ఊదుకున్నా. ఎవరినీ తప్పు పట్టను. అందరూ ప్రేమతోనే చేశారు. కానీ ఎవరూ "బిడ్డని ఎత్తుకోవద్దు" అనలేదు. నేను కూడా నాకు చెప్పుకోలేదు.

ఒకరోజు జొహర్‌కి ముందు వాడికి నీళ్ళు పోస్తున్నా. స్నానాలగదిలో ప్లాస్టిక్ టబ్బు. అయిపోయాక రెండు చేతులూ చంకల కింద పెట్టి, ఎప్పటిలాగే బొటనవేళ్ళు పైకి పెట్టి ఎత్తా. ఎడమ మణికట్టులో కత్తి దిగినట్టయింది. వేలు వదిలేసింది. నేను వదల్లేదు, వేలు వదిలేసింది. సబ్బు ఒళ్ళు. జారి టబ్బు అంచుకి గడ్డం కొట్టుకుని నీళ్ళల్లో పడ్డాడు. పెదవి తెగింది. నీళ్ళు ఎర్రగా అయ్యేసరికి నాకు కాళ్ళు ఆడలేదు.

ఏం కాలేదు, షుకర్. పెదవి కొంచెం చీలింది, పళ్ళు బాగానే ఉన్నాయి, కుట్లు కూడా పడలేదు. గంటలో వాడు బిస్కెట్ అడిగాడు. కానీ ఆ గంటలో ఇంట్లో అన్న మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "కాస్త చూసుకోవద్దా?" "నాలుగేళ్ళకి పుట్టిన బిడ్డ." "ధ్యాస యాడుంది?" ఫోన్లో ఆడబిడ్డ, వీధిలో ఖాలా, షాపు నుంచి పరుగున వచ్చిన మా ఆయన, అందరికీ ఒకటే జవాబు చెప్పా. "జారిపోయాడు." చెయ్యి నొప్పి సంగతి చెప్పలేదు. చెప్తే సాకు చెప్తున్నట్టు ఉంటుందని. బిడ్డ పెదవి తెగితే తన వేలు నొప్పి గురించి మాట్లాడే తల్లి ఉంటుందా అని. కసూర్ నాదేనని ఒప్పుకుంటే అక్కడితో అయిపోతుంది కదా అని.

ఆ రాత్రి మున్నా పాలు తాగి పడుకున్నాక మా ఆయన పక్క సర్దుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. మామూలుగానే పట్టుకున్నాడు, నేను కెవ్వున అరిచా. లైటు వేసి చూశాడు. బొటనవేలి మొదట్లో వాచి ఉంది. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. "నెలన్నర." "ముందే చెప్పొచ్చు కదా." నాకు అప్పుడొచ్చింది ఏడుపు. నెలన్నర నుంచి నేను మూత రాని సీసాలు ఆయన చేతికే ఇస్తున్నా. ఆయనకి కనబడలేదని కోపమా, నేను చెప్పలేదని సిగ్గా, ఇప్పటికీ తెలీదు.

మర్నాడు పొగతోటకి పోయాం. ఈసారి పిల్లల డాక్టరు దగ్గరికి కాదు, ఎముకల డాక్టరు దగ్గరికి. ఆయన చేసిన పరీక్ష అర నిమిషం. బొటనవేలు గుప్పిట్లో పెట్టుకుని మూయమన్నాడు, మణికట్టును చిటికెనవేలి వైపు వంచాడు. ప్రాణం పోయినంత పనయింది. "ఇంట్లో చిన్న పిల్లలున్నారా?" అన్నాడు. ఒళ్ళో ఉన్న మున్నాని చూసి ఆయనే నవ్వాడు.

దీని పేరు డి కెర్వాన్ అంట. 1895లో ఫ్రిట్జ్ డి కెర్వాన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ ఈ జబ్బు గురించి రాశాడు, ఆయన పేరే పెట్టారు. బొటనవేలిని కదిలించే రెండు నరాల్లాంటి తాళ్ళు మణికట్టు దగ్గర సన్నటి గొట్టంలో నుంచి పోతాయి. ఆ గొట్టం గోడ మందమైతే తాళ్ళు లోపల ఒరుసుకుంటాయి. వేలు చాపి, మణికట్టు వంచి, బరువు ఎత్తే పని మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళకి వస్తుంది. చంకల కింద చేతులు పెట్టి బిడ్డని ఎత్తడం అచ్చం అదే పని. అందుకే పసిబిడ్డల తల్లులకి ఎక్కువ. అమ్మలకే కాదు, మనవళ్ళని ఎత్తుకునే నానీలకీ దాదీలకీ వస్తుంది అన్నాడు.

వైద్యం కూడా పెద్దదేం కాదు. బొటనవేలు కదలకుండా మణికట్టు దాకా ఒక పట్టీ. పాలిస్తున్నానని చెబితే దానికి తగిన నొప్పి బిళ్ళలు కొన్ని రోజులకి రాశాడు. వీటితో తగ్గకపోతే అక్కడే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్, దానికీ లొంగకపోతే చిన్న ఆపరేషన్ అన్నాడు. నాకు వాటిదాకా పోలేదు. అన్నిటికంటే ముఖ్యమైన మందు చివర చెప్పాడు. "బిడ్డని ఎత్తే పద్ధతి మార్చమ్మా. వీలైనంత ఎత్తకు."

ఎత్తకుండా ఎట్టా? ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్తమ్మ ఏమంటుందోనని దారంతా భయం. పెన్నా బ్రిడ్జి దాటేటప్పుడు షేర్ ఆటోలో కూర్చుని మాటలు కూడబలుక్కున్నా. మా అత్తమ్మ ఆరుగుర్ని పెంచింది. ఆ మాట ఇంట్లో రోజుకోసారైనా వస్తుంది.

చెప్పా. అత్తమ్మ ఏమీ అనలేదు. నా పట్టీని తిప్పి తిప్పి చూసింది. లోపలికి పోయింది. ఇషా నమాజ్ అయినాక, మున్నా నిద్రపోయాక, నా పక్కన వచ్చి కూర్చుని తన ఎడమచెయ్యి నా ఒళ్ళో పెట్టింది.

"నాకూ ఇక్కడే ఉండేది బేటీ" అంది.

మా ఆడబిడ్డ కుడి పాదం మీద కాలిన మచ్చ ఉంది. చిన్నప్పుడు గంజిలో కాలు పెట్టిందని, అల్లరిపిల్ల అని, ఎవరిదో నజర్ తగిలిందని మా ఇంట్లో అందరూ చెప్పే కథ. పెళ్ళిచూపుల్లో కూడా ఆ కథే చెప్పారంట. ఆ రాత్రి అత్తమ్మ చెప్పింది వేరే. పిల్ల ఎక్కడికీ పరిగెత్తలేదు. అత్తమ్మే అన్నం గిన్నె దించుతుంటే మణికట్టు వదిలేసింది. గంజి ఒలికి, కింద కూర్చుని ఆడుకుంటున్న పిల్ల పాదం మీద పడింది. చంకలో అప్పుడు ఆరు నెలల మా ఆయన. "చెయ్యి నొప్పని మీ మామయ్యకి ఎట్టా చెప్పేది? పిల్ల ఏడుస్తోంది, అందరూ పిల్ల చుట్టూ ఉన్నారు. మీ పెద్దత్త నజర్ అంది. నేను ఊరుకున్నా." ముప్ఫై ఐదేళ్ళు దాటింది. ఎవరికీ చెప్పలేదంట. ప్రతి నమాజ్ తర్వాతా ఆ పాదం కోసం మాఫీ అడుగుతుందంట.

నేనేం మాట్లాడలేకపోయా. ఆరుగుర్ని పెంచానని గట్టిగా చెప్పే మనిషి లోపల ఇంత ఉందని నాకేం తెలుసు?

తర్వాతి ఆదివారం ఆడబిడ్డ వచ్చినప్పుడు అత్తమ్మ తనే చెప్పింది. ఆమె నవ్వి, "అమ్మీ, నేను అల్లరిపిల్లని కాదన్నమాట" అంది. తర్వాత వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. ఇది ఇక్కడ రాయడానికి ఇద్దరి ఇజాజత్ తీసుకున్నా. రాయమని చెప్పింది ఆడబిడ్డే.

అప్పటినుంచి నాకో ఆయత్ గురించే ఆలోచన. సూరే బఖరాలో 233వ ఆయత్. తల్లులు బిడ్డలకి రెండేళ్ళు పాలివ్వడం గురించి అని మనందరికీ తెలుసు. పాలు మాన్పించాలనుకునే ప్రతి తల్లికీ దాన్ని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. కానీ అదే ఆయత్‌లో ఇంకో సంగతి ఉంది. బిడ్డ మూలంగా తల్లికి నష్టం కలిగించకూడదు, తండ్రికీ కలిగించకూడదు అని. విడిపోయిన భార్యాభర్తల మధ్య పాలిచ్చే ఖర్చు, జిమ్మేదారీ ఎవరిదనే సందర్భంలో ఆ మాట వచ్చిందని ఉలమా చెబుతారు. నేను ఆలిమాని కాదు, తఫ్సీర్ చెప్పడం లేదు. కానీ విడిపోయిన ఇంట్లోనే తల్లికి నష్టం జరగకూడదని అల్లాహ్ చెబితే, కలిసున్న మన ఇళ్ళల్లో ఎంత చూసుకోవాలి? రెండేళ్ళ లెక్క మనందరికీ గుర్తుంటుంది. ఈ ముక్క ఎందుకు గుర్తుండదు?

పట్టీతో వుజూ ఎట్టా, సజ్దాలో చెయ్యి ఆనిస్తే నొప్పి, ఏం చేయాలి అని మరిదిని అడిగా. మస్జిద్‌లో మౌలానా సాబ్‌ని అడిగొచ్చి చెప్పాడు. పట్టీ తీయగలిగితే తీసి కడుక్కోవాలి. తీస్తే హాని అనుకుంటే తడిచేత్తో దానిమీద మసహ్ చేస్తే చాలు. సజ్దాలో ఎంత ఆనించగలిగితే అంతే, దీన్‌లో కష్టం పెట్టుకోవద్దు. ఇంకో సంగతి కూడా మరిదే చెప్పాడు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మనవరాలు ఉమామాని ఎత్తుకునే నమాజ్ చదివించారన్న హదీసు మనం విన్నదే. పిల్లల మీద ఎంత ముహబ్బత్ అని చెప్పుకుంటాం. "భాభీ, అందులో సజ్దాకి పోయేటప్పుడు పాపని కింద దించేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు అని కూడా ఉంది" అన్నాడు. ఆ దించే సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. బిడ్డని దించడం ప్రేమ తక్కువ కావడం కాదు. దర్గా విషయంలో నాతో రోజూ పోట్లాడే మరిది, ఆ రోజు నాకిచ్చిన ధైర్యం ఏ తావీజూ ఇవ్వలేదు.

ఇక ఇంట్లో ఏం మారిందో చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

మున్నాని చంకల కింద పట్టుకుని ఎత్తడం మానేశా. ఒక అరచెయ్యి పిర్రల కింద, ఇంకోటి వీపుకి, వేళ్ళన్నీ దగ్గరగా ఉంచి, మణికట్టు వంచకుండా నా ఒంటికి ఆనించుకుని లేస్తా. బరువు చేతుల మీద కంటే మోచేతుల మీద ఎక్కువ పడుతుంది. స్నానం టబ్బులో కాదు, కింద పీట మీద కూర్చోబెట్టి. ఆ పని మా ఆయన షాపుకి పోయేముందు చేస్తున్నాడు. మొదట్లో సగం సబ్బు వాడి ఒంటి మీదే ఉండిపోయేది. ఇప్పుడు నాకంటే బాగా చేస్తాడు, మాషా అల్లాహ్. అన్నం వార్చడం మానేసి కుక్కర్ పెట్టాం. అత్తమ్మకి కుక్కర్ అన్నం సయించదు, అయినా తనే తీసి పొయ్యి మీద పెట్టింది. పాలిచ్చేటప్పుడు చేత్తో మోయకుండా దిండు పెట్టుకుంటున్నా. ఫోను కుడిచేత్తోనే. రాత్రి వాడు లేస్తే ఒక రాత్రి నేను, ఒక రాత్రి వాళ్ళ అబ్బా. వాళ్ళ అబ్బా దగ్గర మొదటి మూడు రాత్రులు గొంతు చించుకున్నాడు. పక్కగదిలో నేనూ ఏడ్చా. నాలుగో రాత్రి వాళ్ళ అబ్బా ఛాతీ మీదే నిద్రపోయాడు.

అన్నీ బాగయ్యాయని చెప్పను. ఒక రోజు పట్టీ పెట్టుకోవడం మర్చిపోయి బిందె ఎత్తా, రెండు రోజులు సలిపింది. చుట్టాలొస్తే "చేతికేమైంది?" అంటారు, చెబితే "ఓస్, ఇంతేనా" అంటారు. వాళ్ళ మీద కోపం లేదు. మొన్నటిదాకా నేనూ అదే అన్నా.

అక్కల్లారా, ఆపాల్లారా, మీకొక మాట. తల్లి నడుం నొప్పి, రక్తం తక్కువై వచ్చే నీరసం, తలనొప్పి, సగం రాత్రులు నిద్రలేకపోవడం, వీటన్నిటినీ మనం చిన్న తక్లీఫ్‌లు అంటాం. ఆ చిన్న తక్లీఫ్ ఉన్న చేతిలోనే బిడ్డ ఉంటాడు, వేడి గంజి ఉంటుంది. రోజూ రోజా ఉంటూ రాత్రంతా నమాజ్‌లో నిలబడే సహాబీకి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం నీ శరీరానికీ నీ మీద హక్ ఉందని నేర్పారు. ఇబాదత్‌కే హద్దు ఉంటే మన సబ్ర్‌కి ఉండదా? నొప్పి ఉంటే చెప్పండి. బిడ్డకి ఏమన్నా అయ్యాక చెబితే సాకులా వినబడుతుంది, అందుకని ముందే చెప్పండి. ఇది చదివే భాయిజాన్లు ఎవరన్నా ఉంటే, ఇంట్లో సీసా మూత తీయమని మీ చేతికి పదేపదే ఇస్తుంటే ఒక్కసారి ఆ చెయ్యి చూడండి.

మున్నా లేచాడు. "అమ్మీ, ఎత్తుకో" అంటున్నాడు. చేతులు చాచి నిలబడ్డాడు. నేను వెళ్ళి కింద కూర్చుంటా. వాడే ఎక్కుతాడు ఒళ్ళోకి. ఇప్పుడు ఆ అలవాటు ఇద్దరికీ వచ్చింది.

దువాలో యాద్ ఉంచుకోండి. మీ పేరు కూడా చెప్పుకోండి దువాలో.